సబ్బుతో దవడపన్ను

"ఆ పన్ను గుర్రానికా, మనిషికా?"

టెస్సా తలెత్తింది.

లాండ్రీలో పక్క కుర్చీలో ఒక ముసలాయన. నెత్తిన మాసిన టోపీ, ఒళ్ళో మడతపెట్టిన రెండు చొక్కాలు. ఆయన చూపంతా ఆమె చేతిలోని సబ్బుబిళ్ళ మీదే ఉంది.

"మనిషికేనండీ. దవడపన్ను," అంది ఉక్రోషంగా.

"పాపం ఆ మనిషి," అన్నాడాయన.

టెస్సా కెంటకీ కొండల్లోని ఒక చిన్న కాలేజీలో నాలుగేళ్ళ డిగ్రీలో మూడో ఏడాది చదువుతోంది. జూన్‌లో డెంటల్ కాలేజీకి దరఖాస్తు పెట్టాలి. వాళ్ళింట్లో అంతకుముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళే లేరు. ప్రవేశపరీక్షకి తెల్లారకముందే లేచి చదువుతోంది. శుక్రవారాలు, ఊరికి కొత్తగా వచ్చిన డెంటిస్ట్ వెనక నిలబడి పని చూస్తోంది. సిఫార్సు ఉత్తరం ఇవ్వాల్సింది ఆయనే.

మొన్న ఆయన అన్నాడు: "బుర్రకి వంక పెట్టను. చేతులే మొరటు. సబ్బు మీద పళ్ళు చెక్కడం నేర్చుకో."

అందుకే ఈ తిప్పలు.

"కళ్ళు మూసుకుని బొటనవేలితో తడుము," అన్నాడు ముసలాయన.

"ఎందుకు?"

"పన్ను కళ్ళకి కాదు తల్లీ, నాలుకకి నచ్చాలి. నాలుక మహా చాడీకోరు. ఆవగింజంత గీత ఉన్నా కొండంత చేసి చెబుతుంది."

టెస్సా కళ్ళు మూసుకుని తడిమింది. నిజమే. ఒక పక్కంతా గరుకు.

"మీకెలా తెలుసు?"

"నోరున్నవాడికి తెలీదా?" అని నవ్వి, చొక్కాలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం మళ్ళీ అక్కడే ఉన్నాడు. ఆ పై ఆదివారమూ.

పేరు ఎల్బర్ట్ అని చెప్పాడు. బొగ్గుగనిలో పనిచేసి రిటైరయి ఉంటాడనుకుంది టెస్సా. ఆ ఊళ్ళో ఆ వయసువాళ్ళంతా అంతేగా.

"ఇదెలా ఉంది?"

"బిస్కెట్‌లా ఉంది. మళ్ళీ చెక్కు."

"ఇది?"

"ఇది పన్నే. కానీ పొగరుబోతు పన్ను. పక్కవాటిని బతకనివ్వదు. దాని భుజాలు తగ్గించు."

"మీతో వేగలేం బాబూ!"

"నీ రోగులకన్నా నేనే నయం. వాళ్ళు కొరుకుతారు."

మే నెలాఖరున ఒక ఆదివారం, ఆయన ఆమె చెక్కిన పన్ను తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తడిమాడు.

"ఊఁ," అన్నాడు.

అంతే. టెస్సాకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

డెంటిస్ట్ ఉత్తరం ఇచ్చాడు. పరీక్షలో మంచి మార్కులొచ్చాయి. ఆగస్టులో ఆమె మారిన హాస్టల్లో బట్టలుతికే మిషన్లు ఉన్నాయి. లాండ్రీకి వెళ్ళే పని లేకపోయింది.

'వచ్చే ఆదివారం వెళ్ళి కనపడాలి' అనుకుంది. ఆ పై ఆదివారమూ అనుకుంది.

అక్టోబరులో డెంటల్ కాలేజీ ఇంటర్వ్యూ. చేతికి మైనపు ముద్ద, చిన్న కత్తి ఇచ్చారు. ఇరవై నిమిషాలు.

పూర్తయ్యాక ఒక ప్రొఫెసరమ్మ ఆ మైనపు పన్నుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరమ్మా నేర్పింది?"

"మా ఊళ్ళో ఒక పెద్దాయనండీ. ఎల్బర్ట్ అని."

"ఎల్బర్ట్...?"

ఇంటిపేరు తెలియదు. టెస్సా తల దించుకుంది.

డిసెంబరులో సీటొచ్చిందని ఉత్తరం అందింది. ఆ ఆదివారం ఆమె ఉత్తరం పట్టుకుని లాండ్రీకి పరుగెత్తింది.

కౌంటర్లో ఉన్న వాండా ఆమెను చూసి చేస్తున్న పని ఆపేసింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళావే? ఆ పళ్ళ పిల్ల వచ్చిందా అని వారంవారం అడిగేవాడు."

"ఇవాళ రాలేదా?"

"మంగళవారం పోయాడమ్మా. ఇవాళ మధ్యాహ్నం చర్చిలో ప్రార్థన పెట్టారు. వెళ్తే అందుకుంటావు."

పెళ్ళాంబిడ్డలు లేని మనిషి. నలుగురైనా వచ్చి ఉంటారో లేదో అనుకుంటూ వెళ్ళింది.

చర్చిలో నిలబడడానికి చోటు లేదు.

గుమ్మం దగ్గర పలక మీద మొదటిసారి ఆయన పూర్తి పేరు చదివింది: ఎల్బర్ట్ స్టిడమ్.

ప్రార్థన అయ్యాక కింద హాల్లో భోజనాలు. చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె. ఎక్కడ చూసినా ఎల్బర్ట్ కబుర్లే. ఎనభై దాటిన ఒకావిడ ప్లేటుతో వచ్చి పక్కన కూర్చుంది.

"నీవి పైవా, కిందవా?"

"అర్థం కాలేదండీ."

ఆవిడ గోటితో తన ముందుపళ్ళ మీద టకటకా కొట్టి చూపించింది.

"నావి రెండు వరసలూనూ. ఇరవై రెండేళ్ళయింది, ఇప్పటికీ ఆపిల్ కొరుకుతాను. పాత పళ్ళ క్లినిక్ వెనకగదిలో నలభై ఏళ్ళు కట్టుడుపళ్ళు చేస్తూ కూర్చున్నాడమ్మా మా ఎల్బర్ట్. ముందుగదిలో డాక్టర్లు ఎంతమంది వచ్చారో, ఎంతమంది పోయారో! నా పెళ్ళి ఫోటో అడిగి పట్టుకెళ్ళాడు, తెలుసా? నా నవ్వు నాకే తిరిగి ఇవ్వాలట."

అవతలి బల్ల దగ్గర ఎవరో ఎల్బర్ట్ వేసిన జోకు ఒకటి చెప్పారు.

హాలంతా పకపకా నవ్వింది.

టెస్సా ఒక్కో ముఖమే చూస్తూ ఉండిపోయింది: నవ్వుతున్న ఆ నోళ్ళలో సగానికి సగం ఎల్బర్ట్ చేసిన పళ్ళే.