సాక్షి చేతి మార్కులు

ఏటి నీళ్లు లా కాలేజీ నాలుగో మెట్టెక్కి దిగిన ఏడాది అది. నీళ్లు తీసి నెలైనా కింది హాలు గోడలకు చెమ్మ వదల్లేదు. ఆ హాల్లో, కొత్తగా చేసిన సాక్షి బోనులో ముసలి వడ్రంగి నిలబడి ఉన్నాడు. ఆఖరి ఏడాది చదివే కోటుబాబు అతని ఎదుట చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేస్తున్నాడు. ఎండైనా వానైనా నల్లకోటు విప్పడు కాబట్టి అందరూ అతన్ని అలాగే పిలుస్తారు.

అది ఉత్తుత్తి కోర్టు. పుస్తకం చదివితే చాలదు, నోరూ చెవీ కూడా పనిచెయ్యాలని టీచరమ్మ ప్రతి ఏడూ పెడుతుంది. ఈసారి ఒక సైకిలు దొంగతనం కల్పించి, చూసినవాడిగా వడ్రంగిని పిలిపించింది. యాభై మార్కుల్లో నలభై ఆమె వేస్తుంది. మిగతా పదీ సాక్షి చేతివి. నిన్ను ప్రశ్నలు అడిగినవాడు మనిషిలా చూశాడో లేదో నీకే తెలుస్తుంది, నువ్వే వెయ్యి అని చీటీ చేతిలో పెడుతుంది. వడ్రంగికి అక్షరాలు అంతంత మాత్రమే గానీ అంకెలు కొట్టినపిండి.

"దొంగ మీకు పదహారు అడుగుల దూరంలో ఉన్నాడన్నారు. టేపు పెట్టి కొలిచారా?" అన్నాడు కోటుబాబు.

"కంటికొలత."

"మీ కన్ను అంత నికరమైనదా?"

"నలభై ఏళ్లుగా అదే తిండి పెడుతోంది బాబూ."

వెనక బల్లల మీద నవ్వులు లేచాయి. కోటుబాబు నవ్వలేదు. ఈ బోను ఎవరు చేశారని అడిగాడు. నేనే అన్నాడు వడ్రంగి. ఎత్తెంత అంటే మూడున్నర అడుగులన్నాడు. కోటుబాబు జేబులోంచి టేపు తీసి, అందరి ముందూ అతని చేతే కొలిపించాడు. మూడడుగుల నాలుగంగుళాలు తేలింది.

"తాను చేసిన చెక్క ఎంతుందో తెలియని మనిషి, దొంగ ఎంత దూరంలో ఉన్నాడో కొలిచాడట. ముందు ఈయనకు కళ్లజోడు కొనిపెట్టండి. ఇక నేను అడిగేదేం లేదు."

చప్పట్లు మోగాయి. వడ్రంగికి చెవులు వేడెక్కాయి. కేసు ఉత్తుత్తిదే గానీ బోను ఉత్తుత్తిది కాదు. ఆ రెండంగుళాలు ఎక్కడ పోయాయో అతనికి అప్పుడు వెలిగింది. చీటీ మీద గుండ్రంగా సున్నా చుట్టాడు.

కోటుబాబు వరండాలో వెంటపడ్డాడు. రాత పనులన్నీ ఎగ్గొట్టి దీని మీదే ఆశ పెట్టుకున్నానని, ఈ పదీ రాకపోతే ఏడాది నీళ్లపాలేనని, ఇంట్లో నాన్నకు మొహం చూపించలేనని చెప్పుకొచ్చాడు.

"గెలిచాను కదా తాతా. మరి సున్నా ఎందుకు?"

"గెలిచావు. నా పని పరువు తీసి గెలిచావు. కొలత ఎందుకు తప్పిందని ఒక్క మాట అడగలేదు."

కోటుబాబు నేల చూస్తూ అడిగాడు. "ఎందుకు తప్పింది?"

వడ్రంగి చెప్పాడు. బోను చేసింది ఇంకొకరి దగ్గర ఎరువు తెచ్చిన పనిముట్లతో. ఆ కొలబద్ద మొదలు దగ్గర రెండంగుళాలు విరిగిపోయి ఉంది, తొందరలో తాను చూసుకోలేదు. సొంత కొలబద్ద, చిత్రిక, ఉలులు ఉన్న పెట్టె వరదలో పోయింది. పైకి మొయ్యరా అని బావమరిదికి అప్పగిస్తే, మెట్ల మీదే నీళ్లు లాక్కుపోయాయి బావా అని వాడు చేతులు దులిపేసుకున్నాడు. పెట్టెలేని వడ్రంగి ఎవరికి కావాలి? కోటుబాబు మధ్యలో ఒక్క మాటైనా మాట్లాడకుండా విన్నాడు. అతను అలా వినడం, వెనకే వరండాలోకి వచ్చిన టీచరమ్మ కూడా చూడటం అదే మొదటిసారి.

సాక్షి ఒప్పుకుంటే రేపు పదింటికి ఇంకోసారి అడగవచ్చని, ఆ తర్వాత మార్కులు పైకి పంపేస్తానని ఆమె అంది. వడ్రంగి చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో సంగతి విని బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. వాడు ఒకప్పుడు నాటకాల్లో రెండు వేషాలు వేసినవాడు.

"నేనైతేనా బావా, ఆ కోటుగాణ్ణి మూడు చెరువుల నీళ్లు తాగించేవాణ్ణి. నీకు నోరేదీ?"

వాళ్లక్క గరిటె ఎత్తి, ముద్ద దిగేదాకైనా నోరు మూసుకోరా అంది. వడ్రంగి తినడం ఆపి బావమరిది వంక చాలాసేపు చూశాడు.

మర్నాడు పొద్దున్న అతను బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లి, తన బదులు వీడు సాక్షి అని చెప్పాడు. మార్కులు మాత్రం నీ చేతివే అంది టీచరమ్మ. బావమరిది బోనెక్కి, దువ్విన తల మళ్లీ దువ్వుకుని, నా వేషమేంటి బావా అన్నాడు.

"నీ వేషమే."

కోటుబాబు కోటు విప్పి బల్ల మీద పెట్టాడు. సాక్షికి కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. వరదలో బావగారి సామానంతా మీరే చూసుకున్నారట, ఆ వయసులో ఆయనకు మీరే కొండంత అండ అన్నాడు. బావమరిది ఛాతీ జానెడు పెరిగింది.

"పాపం, ఆ పనిముట్ల పెట్టె బాగా బరువేనా అండీ?"

"బరువా? ఇద్దరం పట్టుకుంటే గానీ బండికెక్కలేదు. కొన్నవాడు కూడా..."

మాట అక్కడే ఆగిపోయింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. బావమరిది బోను కమ్మీ గట్టిగా పట్టుకుని బావ వైపు చూశాడు.

వడ్రంగి జేబులోంచి చీటీ తీసి, సున్నాకి ముందు ఒకటి గీశాడు.