సెగ మీటరు

చారులో కావాలనే గుప్పెడు ఉప్పు వేశాను. మా ఆయన ఉదయ్ ఒక్క చుక్క వదలకుండా జుర్రుకుని, "బాగుందే కరుణా" అన్నాడు.

గోడమీద సెగ మీటరు పన్నెండు దగ్గరే ఉంది. ఇప్పుడు పాటలు కట్టేవాళ్ళ ఇళ్ళన్నిటిలోనూ ఇది ఉంటుంది. పాడేవాడి లోపల ఎంత మంట ఉందో కొలుస్తుంది. ఉదయ్ రాక్ బ్యాండు మొదటి ఆల్బం చేసిన రోజుల్లో తొంభై చూపించేదట. ఈ సాయంత్రం ఐదింటిలోగా డెబ్బై దాటకపోతే బ్యాండు పేరునూ, ఇరవయ్యేళ్ళ వయసులోని అతని గొంతునూ ఆల్బం కంపెనీ తన పాటలు పాడే మిషనుకి ఇచ్చేస్తుంది. ఆ తర్వాత తన పాట తాను పాడుకున్నా దొంగతనం కిందే లెక్క.

"మీ అమ్మకి నోరెక్కువ" అన్నాను.

"ఎక్కువే. అందుకేగా నువ్వంటే ఆవిడకి అంత ఇష్టం" అని నవ్వాడు.

తర్వాత తన మొదటి గిటారు తీసి కొత్త పాట వినిపించాడు. మేడమీద ఆరేసిన నా చీర గురించి. ఎంత బాగుందో! వింటూ ఏడ్చేశాను. మీటరు మాత్రం కదల్లేదు.

నాలుగున్నరైంది. ఇక లాభం లేదని ఆ గిటారు లాక్కుని, బలంకొద్దీ నేలకేసి కొట్టాను. మెడ దగ్గర రెండు ముక్కలైంది. ఉదయ్ ఒక్క ఉదుటున లేచి నా మీదికి వచ్చాడు. హమ్మయ్య, కోపం వచ్చిందనుకున్నాను.

అతను నా చెయ్యి పట్టుకుని వేళ్ళు తిప్పి తిప్పి చూశాడు.

"తీగ గీరుకుందా? ఏదీ, చూపించు."

మీటరు పదకొండుకు దిగింది.