కొంగ మోకాలి లోతు

అడవి వాగులో నిలబడి లోతు కొలిచే ఉద్యోగం కొంగది. అందుకు అడవంతా కలిసి దానికి రోజూ చేపలు పెట్టేది. కొంగ మాత్రం ఆ లోతు సింహానికి తప్ప ఎవరికీ చెప్పేది కాదు.

ఒకరోజు వాన వెలిసింది. అవతలి ఒడ్డున తన పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే కుందేలు పరుగున వచ్చింది.

"కొంగ బాబాయ్, వాగు దాటొచ్చా? లోతెంత?"

"అది దర్బారు రహస్యం!" అంది కొంగ.

"మా చేపలు మింగి, మా దగ్గరే రహస్యమా?" అని కప్ప ఎగిరిపడింది.

ఆ గోలకి సింహం వచ్చింది. "చెప్పెయ్యవయ్యా, దాచుకుని నేనేం చేసుకోను?"

"మోకాలి లోతు" అని గొణిగింది కొంగ.

ఇక చూడాలి సంబరం! కప్ప దాన్ని పాటగా కట్టేసింది. కోతి అందరినీ కొంగ మోకాలి పక్కన నిలబెట్టి చూసింది. "ఏనుగు మావకి గోళ్ళ దాకా, కుందేలుకి మెడ దాకా! ఎలకమ్మా, నువ్వు ఇంట్లోనే కూర్చో!"

"నా కొలతని ఇష్టమొచ్చినట్టు వాడేస్తున్నారు ప్రభూ!"

"వాడుకోనీ. కొలిచింది కొంగ అని మాత్రం చెప్పాలి" అంది సింహం.

కుందేలు మెడ చాచి వాగు దాటేసింది. పిల్లల్ని పొదువుకుని అక్కణ్ణుంచి కేకేసింది.

"కొంగ బాబాయ్ కొలతంటే కొలతే! సరిగ్గా మెడ దాకానే!"

మర్నాడు ఎవరూ అడక్కుండానే కొంగ గొంతు చించుకుంటోంది.

"ఇవాళ పిక్కల దాకానే! రండి, రండి! ఎలకమ్మా, నువ్వు రేపు రా!"