పల్లెత్తు మాట

"అమ్మాయి గొంతు ఒక్క ముక్కైనా దొరకలేదా?" అన్నాడు టీవీ రిపోర్టర్ యుగంధర్, లైట్లు సర్దిస్తూ.

"సెల్లులో వీడియోలు బోలెడున్నాయండి. అన్నిట్లోనూ అలల హోరే," అంది ఆశాజ్యోతి. తలకి తగిలించుకుంటే పోయినవాళ్ళు ఎదురుగా కనబడే వీఆర్ హెడ్‌సెట్ల కంపెనీ మనిషి ఆమె. "వయసుకి సరిపడే గొంతు కంప్యూటర్లో తయారుచేశాం."

పోయిన వారం కంప్యూటర్ పుట్టించిన ఓ అందగత్తె మీద యుగంధర్ చేసిన ప్రోగ్రాం ఛానల్‌ని ఊపేసింది. లేని పిల్లనే అంతమంది చూస్తే, పోయిన పిల్లని చూడరా? ఆ ఆశతోనే కాకినాడ రేవులో ఈ పాక వెతుక్కుంటూ వచ్చాడు. 'చావుని గెలిచిన టెక్నాలజీ' అని పేరు కూడా పెట్టేశాడు. మొదట ససేమిరా అన్న పిల్ల తల్లి సత్యకుమారి, పిల్ల మాట్లాడుతుందని చెప్పగానే ఒప్పుకుంది.

ఇప్పుడు చేపల తట్ట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"మీ లక్ష్మీదుర్గ ఎలాంటిదండి?"

"బంగారమండి. ఎవర్నీ పల్లెత్తు మాట అని ఎరగదు."

"ఎలా పోయింది?"

"పడవ మీంచి జారిపోయిందండి. గట్టున ఊరంతా ఉంది. నేనూ ఉన్నాను, ఇటు తిరిగి వల కుట్టుకుంటన్నాను. ఒక్కళ్ళకీ కేక వినబడలేదు."

'గాలి హోరు' అని రాసుకున్నాడు యుగంధర్. "తనచేత ఏం మాట్లాడించమంటారు?"

"ఎక్కువేం వద్దండి. 'అమ్మా' అని కేకెయ్యమనండి. ఒక్కసారి వింటే చాలు. ఈసారి పరిగెత్తుకెళ్తాను."

ఆశాజ్యోతి హెడ్‌సెట్ ఆమె కళ్ళకి కట్టి మీట నొక్కింది.

"అమ్మా!"

సత్యకుమారి దిగ్గున లేచింది. "వత్తన్నానే తల్లీ!" అంటూ ముందుకి ఉరికి, లైటు స్టాండుని గుద్దుకుని బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయింది. అదేం పట్టనట్టు, "ఇంకోసారి పిలిపించండి బాబూ, ఇంకొక్కసారి," అని నేలమీంచే బతిమాలింది.

యుగంధర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే, ఈ ముక్క ప్రోమోకి బావుంటుందనీ తోచింది. పాపం, మనిషన్నాక రెండూ ఉంటాయి. మైకు ఆమె నోటిదగ్గర పెట్టాడు.

"చెప్పండమ్మా, అచ్చం మీ అమ్మాయి గొంతేనా?"

"ఏమోనండి," అంది సత్యకుమారి, హెడ్‌సెట్ తియ్యకుండానే.

"మా పిల్ల పుట్టుమూగండి."