పేరు ముందు స్టార్

"తాతా, కాస్త పక్కకి జరుగుతారా? వైర్లు లాగాలి."

రికార్డు రూములో పాత కంప్యూటరు ముందు కూర్చున్న పెద్దాయన జరగలేదు.

"ఒక్క మాట బాబూ. కొందరి పేర్ల ముందు స్టార్ గుర్తు ఉంటుంది. అవి కొత్తదాంట్లోకి వచ్చాయా?"

ప్రాజెక్టు మేనేజరు నవ్వాడు. మెడలో తాడు, తాడుకి కార్డు, కార్డు మీద కూడా అదే నవ్వు. ఆ కంటాసుపత్రిలో ఇరవై ఏళ్ళుగా నడుస్తున్న రికార్డు సిస్టం పీకేసి కొత్తది పెట్టడానికి కంపెనీ పంపిన మనిషి. వచ్చి మూడు వారాలైంది. ఈ మూడు వారాల్లో అయ్యగారు ఒక్క రోగి మొహమైనా చూసిన పాపాన పోలేదు.

"స్టార్లా? చెత్త తాతా అది. పేరంటే అక్షరాలుండాలి. మొత్తం మూడు వందల పన్నెండు. ఒక్క దెబ్బకి ఊడ్చేశాను."

పెద్దాయన మొహం పాలిపోయింది.

"చెత్త కాదు బాబూ. ఫలానా మందు పడదని రాయడానికి పాతదాంట్లో గడి లేదు. అందుకని పేరు ముందు స్టార్ కొట్టేవాళ్ళం. స్టార్ ఉన్నవాళ్ళకి స్టెరాయిడ్ చుక్కలు వెయ్యకూడదు. వేస్తే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. నొప్పుండదు, ఎరుపుండదు. చూపు మాత్రం పోతుంది. పోయింది మళ్ళీ రాదు."

"అవన్నీ డాక్టర్లు చూసుకుంటారు లెండి."

"డాక్టరు చూసేది ఆ స్టార్‌నే! కొత్తదాంట్లో 'పడని మందులు' అని గడి ఉందటగా? వీళ్ళందరికీ అందులో ఎక్కించండి, చాలు. వీళ్ళలో బట్టలు కుట్టే ఆవిడ ఒకావిడ ఉంది. సూదిలోకి దారం ఎక్కకపోతే ఆవిడ ఇంట్లో పొయ్యి వెలగదు."

"సోమవారం ప్రారంభోత్సవం తాతా. రిబ్బను కూడా వచ్చేసింది. ఇప్పుడు మీ స్టార్ల వెంట పడమంటారా? అంతగా కావాలంటే ఫారం నింపండి."

పెద్దాయన బుద్ధిగా ఫారం నింపి ఇచ్చాడు.

"హోదా దగ్గర ఖాళీగా వదిలేశారేం? గుమాస్తా అని రాయడానికి నామోషీనా? పోనీ, స్టార్ అని రాసుకోండి!"

వైర్లు లాగుతున్న మేనేజరు మనుషులిద్దరూ పగలబడి నవ్వారు. బాసు జోకు కదా, నవ్వక చస్తారా. ఆ పూట నుంచి పెద్దాయన పేరు స్టార్ తాత అయిపోయింది.

ఫైలు కోసం వచ్చిన పెద్ద సిస్టరు మాత్రం నవ్వలేదు. గోడ పక్కన నిలబడింది.

"కుర్చీ ఖాళీయేగా సిస్టర్, కూర్చోండి," అన్నాడు మేనేజరు.

"పరవాలేదు సార్."

స్టార్ తాత గదిలో ఉంటే ఆవిడ ఎప్పుడూ కూర్చోదు. గుమాస్తా ముందు ఈ వినయమేమిటో, మేనేజరుకి అదో వినోదం.

పాత కంప్యూటరుకి ఇంకా మూడు రోజులే ఆయుష్షు. ఆ మూడు రోజులూ స్టార్ తాత స్క్రీన్ చూస్తూ చేత్తో రాశాడు. పేరు, వయసు, తండ్రి లేదా భర్త పేరు, మొదట్లో ఆ పడని చుక్కలు రాసిన డాక్టరు పేరు. అందరివీ. వేళ్ళు కొంకర్లు పోతే కాసేపు దులుపుకుని మళ్ళీ రాశాడు.

"ఎక్కిస్తారు కదా బాబూ?" అంటూ కాగితాల కట్ట చేతికిచ్చాడు.

"ఎక్కించేసినట్టే అనుకోండి."

కొత్త సర్వరు పెట్టిన బల్లకి ఒక కాలు పొట్టి. తాత అటు గుమ్మం దాటాడో లేదో, మేనేజరు ఆ కట్ట మడిచి కాలి కింద దోపాడు. బల్ల ఊగడం మానేసింది.

"తాత మొత్తానికి పనికొచ్చాడ్రా!"

సోమవారం రిబ్బను తెగింది. ఫొటోలు పడ్డాయి. పాత కంప్యూటర్లు తుక్కులోకి పోయాయి. స్టార్ తాత మళ్ళీ కనబడలేదు.

"లిస్టు ఎక్కిందా సార్?" అని పెద్ద సిస్టరు రెండుసార్లు అడిగింది.

"ఎప్పుడో ఎక్కింది." రెండుసార్లూ ఫోనులోంచి తలెత్తకుండానే చెప్పాడు, సిగ్గులేని మనిషి.

కొన్ని నెలలకి బట్టలు కుట్టే ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. శుక్లం ఆపరేషన్ అక్కడే అయింది, బాగానే అయింది. తర్వాత స్టెరాయిడ్ చుక్కలు రాసిచ్చారు. హాయిగా ఉన్నాయని సీసా మీద సీసా వేసుకుంది. ఇప్పుడా కంటికి కిటికీ ఎటుందో కూడా తెలియడం లేదు.

"నొప్పి కూడా లేదమ్మా," అంది ఆవిడ పెద్ద సిస్టరుతో, అదేదో మంచి కబురైనట్టు.

డాక్టరు కొత్త స్క్రీన్ తెరిచాడు. రంగురంగుల్లో ముచ్చటగా ఉంది. పడని మందులు: ఏమీ లేవు.

పెద్ద సిస్టరు విసురుగా రికార్డు రూములోకి వచ్చింది.

"ఆయనిచ్చిన లిస్టు ఏది?"

మేనేజరు చూపు బల్ల కాలి వైపు పోయింది.

"అది... కనబడ్డం లేదు సిస్టర్. ఆ తాతనే పిలిపించండి, ఇంకోసారి రాయించుకుందాం."

"ఆయన పోయి నెల దాటింది."

 మేనేజరు నేల మీద కూర్చుని, బల్ల ఎత్తించి, కాగితాలు బయటికి లాగాడు. మధ్యలో బల్ల కాలి అచ్చు లోతుగా దిగింది.

"ఇంకా మూడు వందల పదకొండు మంది ఉన్నారు. చదవండి, ఇప్పుడే ఎక్కిద్దాం," అంది సిస్టరు, కీబోర్డు ముందుకి లాక్కుంటూ.

మేనేజరు మడత విప్పాడు.

మొదటి పేరు ఎనిమిదేళ్ళ పాపది. తండ్రి పేరు దగ్గర, చుక్కలు రాసిన డాక్టరు పేరు దగ్గర, రెండు చోట్లా స్టార్ తాత పేరే ఉంది.