నుదుటి బూడిద

"బూడిద పెట్టండి పెద్దాయనా. నిజమేందో అదే చెప్తాది," అన్నాడు యోబు, ఎవరూ అడగకముందే.

కాలువ గట్టు మీద చేరిన రైతులు భలే అన్నట్టు చూశారు. అతని భార్య లూదియా మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని జనం వెనక్కి జరిగింది. మొగుణ్ణి పదిమందిలో దొంగలా నిలబెడితే ఏ ఆడదానికి తలెత్తుకోబుద్ధవుతుంది?

సంగతి చిన్నదేం కాదు. ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు ఆళ్లగడ్డ పక్కన ఆ ఊళ్లో వరి పొట్టకొచ్చేసరికి కేసీ కాలువ సన్నగిల్లింది. రైతులు వంతులు పెట్టుకొని మడులు తడుపుకుంటున్నారు. ఎవరో వంతు తప్పి రాత్రికి రాత్రి తూము తలుపు ఎత్తారు. తెల్లారి చూస్తే చివరి రెండు మడులూ నిండి ఉన్నాయి. ఒకటి యోబుది, పక్కది నరసింహులుది. ఎత్తింది ఒక్కరే, పారింది ఇద్దరికీ. ఎత్తినవాడికి ఇక ఈ పంటకు నీళ్లు లేవని పెద్దమనిషి సుబ్బరాయుడు తేల్చేశాడు. నీళ్లు లేకపోతే ఆ వరి పశువుల మేతకే.

ఆ ఊళ్లో దొంగను పట్టడానికి పోలీసులక్కర్లేదు, పొయ్యి బూడిద చాలు. అనుమానమున్న వాళ్ల నుదుట బూడిద పూసి ఎండలో నిలబెడతారు. ఎవరి బూడిద ముందు చెమటకు తడిస్తే వాడే దొంగ. తప్పు చేసినవాడి గుండె ముందుగా అదురుతుందని, అదిరితే చెమట పోస్తుందని తాతలనాటి నమ్మకం.

"తలగుడ్డ రవ్వంత పైకి జరుపు యోబూ," అన్నాడు సుబ్బరాయుడు బూడిద పూస్తూ.

యోబు జరిపాడు గాని తీయలేదు. అతని తలగుడ్డ ఊడగా చూసినవాళ్లు లేరు. చర్చిలో మగవాళ్లు తలగుడ్డతో కూర్చోరాదు కాబట్టి ఆదివారాలు బయట వరండాలోనే కూర్చుని, కిటికీలోంచి వాక్యం వింటాడు. ఎంత అణకువ అని పాస్టరుగారు కూడా మెచ్చుకుంటారు.

"ఈయన్ను నిలబెట్టేదే తప్పు," అన్నాడు గుంపులోంచి ఒకాయన. "ఎప్పుడు చూసినా చొక్కా తడిసే ఉంటాది. చెమటోడ్చి బతికే మనిషప్పా."

లూదియాకు సిగ్గుతో చెవులు కాలాయి. పొగడ్త కూడా ఒక్కోసారి వాత పెడుతుంది.

నరసింహులు లావుపాటి మనిషి. కాసేపటికే అతని నుదుటి బూడిద మచ్చలు మచ్చలుగా నల్లబడి ముక్కు మీదికి జారింది. యోబు మొహం కాలిన ఇటుకలా ఎర్రబడిందే గాని బూడిద పూసింది పూసినట్టే ఉంది.

"తేలిపాయె," అన్నాడు సుబ్బరాయుడు.

యోబు ఆ మాట కోసమే కాచుకున్నట్టు కాలువలోకి దిగి మెడలోతున కూర్చున్నాడు.

"మళ్లా బాప్తిస్మం తీసుకుంటాండాడు," అని ఎవరో నవ్వారు.

"మా ఆయన రాత్రి గడప దాటలేదు," అంది నరసింహులు భార్య కమలాక్షమ్మ. ఎవరూ వినిపించుకోలేదు. లూదియా కాన్పుకు పథ్యం వండిపెట్టిన మనిషి ఆమె. ఆమె వైపు చూడలేక లూదియా నేల చూపులు చూసింది. తన మడి పచ్చగా నిలిచిందన్న సంతోషం గింజంతైనా కలగలేదు.

యోబు గట్టెక్కాడు. సుబ్బరాయుడు నరసింహులు వైపు తిరిగాడు. "మంచోణ్ణి ఎండలో నిలబెట్టిస్తివి. తప్పయిందని చెప్పు."

నరసింహులు మొహం తుడుచుకోకుండానే వచ్చి యోబుకు దండం పెట్టాడు. "నేనైతే ఎత్తలేదు యోబూ. అయినా బూడిద అబద్ధం చెప్తాదా? నిద్దట్లో ఎత్తినానేమో. మనసులో పెట్టుకోవాకు."

"సర్లే, అయిందేదో అయిపాయె," అన్నాడు యోబు.

లూదియా ఇక నిలవలేకపోయింది. జనాన్ని తోసుకొచ్చి మొగుడి తలగుడ్డ లాగేసింది. కింద నున్నటి నెత్తి, అక్కడక్కడా దూదిపోగుల్లాంటి నాలుగు వెంట్రుకలు.

"ఏం పనే ఇది!" అంటూ యోబు రెండు చేతులా నెత్తి కప్పుకున్నాడు.

"బట్టతలకు సిగ్గేందమ్మా?" సుబ్బరాయుడు నవ్వాడు. "నాకూ ఊడిపాయె."

"ఊడింది కాదు పెద్దాయనా, మొలిచిందే లేదు. పెండ్లయిన యేడు నంద్యాలలో డాక్టరుకు చూపిస్తిమి. తల్లి కడుపులో ఉన్నప్పుడే చర్మంలో రెండు మొలకేస్తాయంట, అక్కచెల్లెళ్ల మాదిరి. ఒకటి వెంట్రుక. ఈయనకు అదీ రాలేదు, రెండోదీ రాలేదన్నాడు."

"రెండోదేంది?"

లూదియా తల వంచుకునే చెప్పింది.

"చెమట."