ఒక్క శాలువా

"వచ్చే నెల నుంచి సెంటర్‌కి నా పేరు మీద డబ్బు రాదమ్మాయ్. షెడ్డు అమ్మేశాను," అన్నాడు యలమందయ్య.

హీనా టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. నల్లపాడులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల పిల్లల కోసం నడుస్తున్న సెంటర్‌ని ఆమే చూసుకుంటుంది. నలభై మంది పిల్లలు. అద్దె, అన్నం, ఇద్దరు ఆయాల జీతం, తన జీతం, అంతా ఎనిమిదేళ్లుగా ఈ ఒక్క మనిషి విరాళమే. ఎండాకాలం మిర్చి యార్డు మూసే నెలలో తప్ప ఎప్పుడూ ఆలస్యం కాలేదు. బోర్డు మీద ఉన్నదీ ఆయన పేరే. కూలోళ్ల పిల్లలకైతే ఇల్లివ్వనన్న ఇంటాయన, ఆ పేరు విన్నాకే తాళాలిచ్చాడు.

"బాబాయి గారూ, సెంటర్ మూస్తే పిల్లలు మళ్లీ మీ షెడ్డులో కాయల కుప్పల పక్కనే కూర్చోవాలి. ఆ ఘాటుకి చంటిపిల్లలకి ఊపిరాడదు."

"తెలుసు. అందుకే నెల ముందు చెబుతున్నా. ఎన్నాళ్లని ఒక్క పేరు పట్టుకుని ఉంటావు? నలుగుర్నీ అడుగు."

"షెడ్డు కొన్నవాళ్లు ఏమన్నా ఇస్తారంటారా?"

"వాళ్లా? ఒక్క కాయ కూడా గేటు దాటనివ్వం అన్నారు."

హీనా ఆ రోజే కాగితం తీసింది. 'ఒక్క పెద్ద చెయ్యి కాదు, చాలా చిన్న చేతులు కావాలి' అని పైన రాసుకుంది. మర్నాటి నుంచి గుమ్మం గుమ్మం ఎక్కింది. ఆటో స్టాండులో అయూబ్, వారానికి ఒక ట్రిప్పు డబ్బులు తీసి పెట్టేలా అందరినీ ఒప్పించాడు. టిఫిన్ హోటలాయన పొద్దున పూట ఇడ్లీలు తనవే అన్నాడు. పత్తి తీసిన ప్రతిసారీ ఒక కిలో పక్కన పెడతామని అమరావతి రోడ్డులో ఆరుగురు రైతులు మాటిచ్చారు. కాలేజీ పిల్లలు ఆదివారాలు పాత పేపర్లు పోగు చేస్తామన్నారు.

"డిగ్రీ చదివి ఇట్లా తిరగడం ఎందుకమ్మా, ఏదన్నా ఉద్యోగం చూసుకోరాదూ?" అన్నాడు ఎరువుల కొట్టాయన.

"చూసుకున్నానండీ. ఇదే."

ఆయన నవ్వి, పిల్లల పాల ఖర్చు రాసుకోమన్నాడు.

కాదన్నది ఒక్కరే. హీనా తల్లి జాన్‌బీ. ఆమె యలమందయ్య షెడ్డులోనే తొడిమలు తీస్తుంది.

"అమ్మా, మీ షెడ్డు ఆడవాళ్లందర్నీ రాసుకుంటున్నా. మనిషికి నెలకి పది రూపాయలు."

జాన్‌బీ మంట పుడుతున్న వేళ్లని మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చుంది. "ఈ నెల మమ్మల్ని రాయకు. పై నెల చూద్దాం."

"పది రూపాయలేనమ్మా."

"పది అయినా సరే. ఈ నెల వద్దు."

"పిల్లల్ని వదిలేది మీరు. ఆటోవాళ్లు ఇస్తున్నారు, ముక్కూ మొహం తెలియని రైతులు ఇస్తున్నారు. మీరే ఇవ్వలేదంటే నేను తలెత్తుకుని ఎట్లా అడగను?"

"అడుగు, ఇస్తారులే. డబ్బాలో కారం అయిపోయింది. పోయి పావుకిలో పట్టుకురా."

"పొద్దస్తమానం మిరపకాయల్లో కూర్చునే మనిషివి. గుంటూర్లో కారం కొట్లో కొనుక్కునేది మనమొక్కళ్లమే అనుకుంటా."

"మనమొక్కళ్లమే కాదులే," అంది జాన్‌బీ.

హీనాకి ఒళ్లు మండింది. ఆ పూట తల్లితో మాట్లాడలేదు. కారం మాత్రం తెచ్చి పెట్టింది.

నెలాఖరుకి ఇరవై మూడు చోట్ల మాట తీసుకుంది. వీళ్లలో ఇద్దరు ముగ్గురు మానేసినా అన్నం ఆగదు, అద్దె ఆగదు. సెంటర్ నిలబడింది. అప్పుడు ఆమెకి యలమందయ్య గుర్తొచ్చాడు. ఈ ఇరవై మూడు చోట్ల తను ఇంత తిరిగితే గానీ పోగుకానిది, ఆ పెద్దాయన ఎనిమిదేళ్లు మారుమాటాడకుండా ఒంటి చేత్తో ఇచ్చాడు. జీతం రాగానే మంచి శాలువా కొంది.

షెడ్డు చేతులు మారే ముందు రోజు సాయంత్రం వెళ్లింది. యలమందయ్య గేటు పక్కన బల్ల వేసుకుని కూర్చున్నాడు.

"బాబాయి గారూ, మా పిల్లలు మీ చలవ వల్లే ఇంతవాళ్లయ్యారు. దీన్ని మీరు కాదనకూడదు," అంటూ శాలువా మడత విప్పింది.

"కాసేపు ఆగమ్మా. వాళ్లని పోనీ."

ఆడవాళ్లు కుప్పల దగ్గర్నుంచి లేచారు. చీరలు దులుపుకుంటూ, తుమ్ముకుంటూ వరసగా గేటు దగ్గరికి వచ్చారు. గుమస్తా ఒక్కొక్కరి కొంగులో దోసెడు కాయలు పోస్తున్నాడు. కూలి కాక, ఇంట్లో వంటకని ఆ షెడ్డులో రోజూ ఇచ్చే కాయలవి.

బల్ల పక్కన ఖాళీ గోతం మూతి తెరిచి ఉంది. మొదటామె రెండడుగులు వేసి, కొంగులోని కాయలన్నీ ఆ గోతంలో దులిపేసి వెళ్లిపోయింది. రెండో ఆమె కూడా. మూడో మనిషి జాన్‌బీ. కూతుర్ని చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత తనూ కొంగు దులిపేసి, "చీకటి పడకముందే ఇంటికి రా," అని గేటు దాటింది.

వరస తరగడం లేదు. గోతం సగానికి నిండింది.

శాలువా పట్టుకున్న హీనా చేతులు కిందికి వాలిపోయాయి. "ఇదేంటి బాబాయి గారూ?"

"ఎనిమిదేళ్లుగా నీకొచ్చిన విరాళం. కాయలు నేను అమ్మిపెట్టి, వాళ్లు అడిగారని నా పేరిచ్చాను, అంతే," అన్నాడు యలమందయ్య. "ఇచ్చినవాళ్లు నూట పన్నెండు మంది. శాలువా ఒక్కటే తెచ్చావేమ్మా?"